పెట్టె మూత మీద చివరి పేరు

నా పేరు అచ్చులో ఒక్కసారే పడింది. దాని మీద నేనే కాగితం ముక్క అంటించాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు, ముఖ్యంగా ఇంటర్నెట్‌లో కనబడిన బొమ్మనల్లా తీసి వాడుకునేవాళ్లు, ఈ సంగతి తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాను. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. తప్పు చేసినవాడిగా చెబుతున్నాను, అంతే.

నేను డ్రాయింగ్ మాస్టరును. ముప్పై ఏళ్ల సర్వీసులో బోర్డు మీద కంటే గోడల మీదే ఎక్కువ బొమ్మలు వేశాను. పోలియో చుక్కల గోడలు, అక్షరాస్యత గోడలు, ఆగస్టు పదిహేను బ్యానర్లు, పై అధికారుల పిల్లల సైన్సు రికార్డులు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. ఎక్కడా నా పేరు లేదు. ఆ మూల నీ పేరు కూడా వేసుకో మాస్టారూ అని మాటవరసకైనా అన్నవాళ్లు లేరు. పైకి నవ్వేవాణ్ని గానీ లోపల ఒక కడుపుమంట ఉండేది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనికి మూలం అదే.

రెండు వేల దశకం రెండో సగంలో నన్ను డెప్యుటేషన్ మీద భద్రాచలంలో ఒక చిన్న విభాగానికి వేశారు. అడవి పల్లెల బడులకు బోధనా సామగ్రి తయారుచేయడం మా పని. రెండు గదులు, ఒక వరండా, ఒక కంప్యూటరు. కంప్యూటరు దగ్గర కూర్చునే ఆపరేటరు మణుగూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఏటా మార్చిలో పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. మార్చి వస్తే చాలు, ఆమె మొహంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. ఆమె జీతం మీదే ఇల్లు నడిచేది.

ఆ ఏడు మలేరియా గురించి పాఠం కాదు, ఏదైనా ఆట తయారుచేయమన్నారు. వానలు పడేలోపు బడులకు చేరాలన్నారు. ఆట ఎలా చేయాలో నాకు తెలియదు. వైకుంఠపాళీలో పాము తీసేసి దోమ పెడదామన్నాను. ఆపరేటరు మర్యాదగా నవ్వి ఊరుకుంది. నాలుగు రోజుల తర్వాత ఒక ఆట పట్టుకొచ్చింది. ఎక్కడో వేరే దేశంలో ఆటలు తయారుచేసే ఒక ఆవిడ, అడవి దారి పటం, గడులు, చీట్లు, బొమ్మలు అన్నీ గీసి ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టేసిందట.

"ఊరికేనా?" అన్నాను.

"పైసలు లేవు సార్, షరతులున్నయి. ఓపెన్ లైసెన్సు అంటరు. ఎవరన్న తీస్కోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చేస్కోవచ్చు. కానీ ఆమె పేరు వేయాలె. మనం ఏం మార్చినమో చెప్పాలె. మనం చేసింది గూడ మళ్ల గట్లనే అందరికీ ఇడిసిపెట్టాలె. షరతు తప్పితే అనుమతి అక్కడికే పోతది."

ఇంత సులువా అనుకున్నాను. ఆపరేటరు మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేదు. అవసరం లేకపోయినా ఆ ఆవిడకు ఆఫీసు మెయిలు నుంచి తన పేరుతోనే రాసింది. మీ ఆటను మా పిల్లల కోసం మార్చుకుంటున్నాం, ఆట పెట్టె తయారయ్యాక ఫొటో పంపుతానని మాట ఇచ్చింది.

నేను గాజు పలక కింద బల్బు పెట్టి ఆ బొమ్మలను ఎత్తి గీశాను. వాళ్ల చెట్టు తీసి ఇప్పచెట్టు పెట్టాను, వాళ్ల జంతువు తీసి ఎలుగుబంటి పెట్టాను. గుడిసెలు మనవి, వాగు మనది. కానీ దారి వంపులు, దోమ చూసే కొంటె చూపు, గడుల వరస, అన్నీ ఆమెవే. పాచికలైతే రెండు రోజుల్లో పోతాయని, వాటి బదులు చింతగింజల బద్దలు పెట్టాం. మన అష్టాచెమ్మాలాగే వేసుకోవచ్చు.

మణుగూరు అవతల అడవిలో ఒక హాస్టలు బడికి తీసుకెళ్లి పిల్లలతో ఆడించి చూశాం. జ్వరం గడిలో పడ్డవాడు మూడు వంతులు ఆడకుండా కూర్చోవాలి, మిగతావాళ్లు ముందుకు పోవచ్చు. అసలు ఆటలో ఉన్న నిబంధన అది. మా వెనకాల ఒకామె చేతిలో గరిటెతో నిలబడి చూస్తోంది. ఆ బడి వంటామె. కోయ మనిషి, నలభై దాటి ఉంటాయి. జ్వరం గడిలో పడ్డ పిల్ల ఏడుపు మొహం పెట్టగానే ఆమె ముందుకొచ్చింది.

"గిదేం ఆట సారూ? జరమొచ్చినోళ్లను ఇడిసిపెట్టి ముంగటికి పోతరా ఎవరన్న?"

"ఆటలో అంతే అక్కా" అన్నాను.

"మా గుంపుల, మా గూడెంల గట్ల పోరు. మంచం కట్టి మోస్తరు, రోడ్డు దాక. ఇద్దరు ఆగాలె. ఆగినోళ్లు, జరమోళ్లు కలిసే దవాఖానాకు పోవాలె. ఒక్కలు మిగిలినా ఎవరూ గెలిచినట్టు గాదు."

ఆపరేటరు అప్పటికప్పుడు నోటుబుక్కులో రాసుకుంది. ఇద్దరు తమ వంతు వదులుకుంటే ముగ్గురూ దవాఖానా గడికి చేరతారు, అందరూ చేరితేనే గెలుపు. మళ్లీ ఆడించాం. అప్పటిదాకా పావులు గుంజుకుని కొట్టుకున్న పిల్లలు, "నేను ఆగుత, నేను ఆగుత" అని పోటీపడ్డారు. ఆట అంటే ఇదే కదా అనిపించింది. వంటామె అప్పటికే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక ప్రూఫు సంగతి. మా పనులన్నీ కొత్తగూడెంలో ఒక ప్రెస్సులో అచ్చయ్యేవి. మూడు తరాలుగా అదే వృత్తిలో ఉన్న ముస్లిం కుటుంబం వాళ్లది. యజమాని నా ఈడువాడు, నా బ్యానర్ల రోజుల నుంచీ పరిచయం, నేను భాయ్ అనేవాణ్ని. మూత లోపలివైపు వివరాలు పడాలి. సర్కారు పుస్తకాలు చూసినవాళ్లకు తెలుసు, ఆ పేర్ల జాబితా ఎలా ఉంటుందో. అందరికంటే పెద్ద అధికారి పైన, తర్వాత ఆయన కింది అధికారి, ఆ తర్వాత ఆయన కింది అధికారి. అలా మెట్లు దిగుతూ వస్తే అట్టడుగున పని చేసినవాడు. ఈసారి ఆ అట్టడుగున నేనే రాసుకున్నాను, చిత్రాలు అని, పక్కన నా పేరు. దాని కింద ఆపరేటరు పెట్టిన రెండు వరసలు. విదేశీ ఆవిడ పేరు, లైసెన్సు సంగతి.

ప్రూఫు నా బల్ల మీదికొచ్చిన రోజే అదే ఆవరణలో కూర్చునే మా అధికారిగారి పేషీ నుంచి ఫోను. ఇంకో రెండు పేర్లు చేర్చాలట, ఇద్దరూ పెద్దవాళ్లే. మూతలో చోటు లేదు. రెండు వరసలు తీయాలి. పై పేర్ల మీద చెయ్యి వేసే ధైర్యం నాకు లేదు. కింద మిగిలింది నా పేరు, ఆ రెండు వరసలు. ఎర్ర సిరా పెన్ను తీశాను. ఈ అడవిలో ఆమె పేరు ఎవరికి కావాలి అనుకున్నాను. ఎలుగుబంటి నేను గీసిందే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ రెండు వరసలు కొట్టేశాను.

అక్కడితో ఆగలేదు. మా ప్రాంతంలో ఉత్తరం పైన శ్రీరామ రాయనిదే కలం కదలదు. అలాగే మా విభాగంలో ఏ పుస్తకం ప్రూఫు చూసినా చివర "సర్వహక్కులు మా కార్యాలయానివి" అని రాయడం నాకు చేతి అలవాటు. ఇరుకు చోటులో సన్న అక్షరాలతో అదీ రాసి, సంతకం పెట్టి పంపించాను. ఊరికే ఇచ్చిన మనిషి పేరు తీసేసి, ఆమె సొత్తు మీద హక్కులన్నీ మావేనని రాశానన్నమాట. ఆ పూట అది నాకు తట్టనే లేదు.

నమూనా పెట్టె రాగానే ఆపరేటరు పెట్టె ఫొటోలు, మూత లోపలి ఫొటో తీసి ఆ ఆవిడకు పంపింది. మా ఆఫీసులో రోజుకు నెట్ వచ్చేదే అరగంట. తను పెట్టిన వరసలు అక్కడే ఉంటాయన్న ధీమాతో చదివి చూసుకోలేదు. తర్వాత అడిగితే, మీరు ప్రూఫు చూసిండ్రు గద సార్, ఇంక చూసేదేముంది అనుకున్న, అన్నది.

పెట్టెలు టీచర్లకు పంచే రోజు పొద్దున తొమ్మిదిన్నరకు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. మాట సరిగ్గా రావడం లేదు. విదేశీ ఆవిడ జవాబు ఆఫీసు మెయిలుకు వచ్చిందట, పేషీలో తీసి అధికారి బల్ల మీద పెట్టారట. మీ లిపి నాకు రాదు గానీ నా పేరు అక్షరాలు నేను గుర్తుపట్టగలను, అవి కనబడలేదు, తెలుగు తెలిసినవారిని అడిగితే హక్కులన్నీ మీవేనని రాసి ఉందన్నారు, సరిచేస్తే నాకే అభ్యంతరమూ లేదు, సరిచేయకుండా మాత్రం ఒక్క పెట్టె కూడా పంచకండి. మెయిలు సారాంశం అది.

"ఫైల్ల నేను పెట్టిన సార్. మీరే చూడుండ్రి" అని కంప్యూటరులో చూపించింది. రెండు వరసలూ ఉన్నాయి. "ప్రెస్సోళ్లు తీసేసిండ్రా?"

"అయ్యుండొచ్చు" అన్నాను.

ఆ ఒక్క మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తొందరలో కొట్టేయడం వేరు. ఒక మనిషి కళ్లముందు వణుకుతుంటే అబద్ధం చెప్పడం వేరు.

పదిన్నరకు చివరి విడత పెట్టెలతో ప్రెస్సు వ్యాను వచ్చింది. వాకిట్లో అడవి పల్లెల నుంచి వచ్చిన టీచర్లు వేపచెట్టు నీడన కూర్చున్నారు. కొందరు తెల్లవారుజామునే బయల్దేరి నడిచీ, బస్సెక్కీ వచ్చినవాళ్లు. మళ్లీ రమ్మంటే ఎప్పటికి వస్తారో, వాన పడి వాగులు పొంగితే ఎట్లా వస్తారో ఎవరూ చెప్పలేరు. భాయ్ నన్ను వ్యాను వెనక్కి తీసుకెళ్లి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. నా ఎర్ర సిరా, నా సంతకం.

"పేషీ నుంచి ఫోనొచ్చింది సారూ, ప్రూఫు పట్టుకొని రమ్మన్నరు. నేను తెచ్చిన. మీకు చెప్పకుండ ఇయ్యబుద్ధి గాలె."

"ఇవ్వకపోతే?"

"ఇయ్యకపోతే తప్పు నా మీదికొస్తది, లేకుంటే ఆ అమ్మ మీదికొస్తది. నా మీదికొస్తే నేను తట్టుకుంట. పోగొట్టినని చెప్త. ఆ అమ్మ తట్టుకుంటదా?" అని కాగితం మళ్లీ మడిచాడు. "మీరే చెప్పుండ్రి. నేనైతే నోరు తెరవ."

కోప్పడినా బాగుండేది. ఇరవై ఏళ్ల స్నేహంలో ఒక్కసారి కూడా నన్ను ఇరుకున పెట్టని మనిషి, ఆ పూట మర్యాదగానే ఇరుకున పెట్టాడు. కాసేపు ఆగు భాయ్ అన్నాను. అధికారి గది నుంచి పిలుపు వచ్చింది.

అధికారి కోస్తా వైపు మనిషి, మాట కత్తిరించినట్టు ఉంటుంది. మెయిలు కాగితం బల్ల మీద ఉంది. ఆపరేటరు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఫైల్లో పెట్టానంటున్నావు. ఫైల్లో ఉంటే పెట్టె మీదికి రావాలిగా? మెయిలు చూశాక ఇప్పుడు చేర్చి ఉంటావు."

"లేదు సార్. మొదటి నుంచి ఉన్నది."

"సాక్ష్యం ఏముంది? ఆవిడకు మాట ఇచ్చింది నువ్వు, ఫొటోలు పంపింది నువ్వు. ఈ నెలతో నీ కాంట్రాక్టు చాలిస్తున్నాను." కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు. రాయబోతూ నా వైపు తిరిగాడు. "మాస్టారూ, ప్రూఫు చూసింది మీరే కదా. మీరు చూసినప్పుడు ఆ వరసలు ఉన్నాయా?"

ఆపరేటరు నా మొహంలోకి చూసింది. ఆ చూపులో అనుమానం ఉంటే నేను అబద్ధమే చెప్పి ఉండేవాణ్నేమో. అనుమానం లేదు. సార్ ఉన్నారు కదా, ఉన్నాయని ఒక్క మాట చెబుతారు, నా ఉద్యోగం నిలబడుతుంది, అన్న ధైర్యం ఉంది. ఆ ధైర్యం నేను చూడలేకపోయాను. తలుపు దగ్గరికి వెళ్లి, "భాయ్, ఆ ప్రూఫు ఇటివ్వు" అన్నాను.

కాగితం బల్ల మీద పరిచాను. అధికారి కొట్టేసిన వరసలూ, కింద సంతకమూ చూశాడు. ఆపరేటరు కూడా చూసింది.

"ఇన్ని పేర్లున్నాయి. తీయడానికి మీకు ఈవిడ పేరే దొరికిందా?"

"పైవన్నీ పెద్దవాళ్ల పేర్లు సార్, తీసే ధైర్యం లేదు. కిందున్నది నా పేరు, తీసే మనసు రాలేదు."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. అప్పటికప్పుడు చేర్చమన్న రెండు పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆయనకూ తెలుసు. అందుకేనేమో అరవలేదు. బయట టీచర్లు గుసగుసలాడుతున్నారు. "ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు చివరికి. నన్ను కాదు, ఆపరేటరును అడిగాడు.

"చీటీలు కొట్టి అంటిద్దాం సార్. సరిచేస్తే సరిపోతదనే ఆమె రాసింది" అన్నది. గొంతు ఇంకా వణుకుతోంది.

"ఎక్కడ అంటిస్తారు? చోటేదీ?"

"చివరి రెండు వరసల మీద సార్" అన్నాను. "హక్కుల వరస, నా పేరు."

"మీ పేరు పోతుంది కదండీ."

"అది అక్కడ ఉండాల్సింది కాదు సార్."

ఆపరేటరు చీటీ టైపు చేసింది. విదేశీ ఆవిడ పేరు ఆమె అక్షరాల్లోనూ మన అక్షరాల్లోనూ. ఈ ఆటను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇదే షరతు మీద ఇంకొకరికి ఇవ్వాలి. మేం మార్చినవి, బొమ్మలు, చింతగింజలు, జ్వరం గడి. అక్కడ ఆమె వేళ్లు ఆగాయి.

"జరం గడి మార్చింది మనం కాదు గద సార్" అన్నది, నా వైపు చూడకుండానే. వంటామె పేరు నాకు తెలియదు. ఆమెకు తెలుసు. ఆ రోజే నోటుబుక్కులో రాసుకుందట. జ్వరం గడి నిబంధన ఫలానా ఆమెది, ఫలానా గుంపు, అని చేర్చింది.

అధికారి చదివి కనుబొమలు ముడిచాడు. "వంట చేసేవాళ్ల పేరు కూడానా?"

"ఏం మార్చినమో చెప్పాలె సార్. మార్చింది ఆమె" అన్నది ఆపరేటరు. పొద్దుటి నుంచి ఆమె గొంతు వణక్కుండా వచ్చిన మాట అదొక్కటే. ఆయన సరే కానివ్వండన్నాడు.

అంటించడానికి వరండాలో మైదాపిండి లై ఉడికించాం. ప్రింటు తీసిన చీటీలను భాయ్ కత్తిరించాడు, టీచర్లు వరసగా కూర్చుని అంటించారు. ఒకాయన విసుక్కున్నాడు, ఇంకొకాయన ఇదేం లైసెన్సు ఇదేం ఖర్మ అన్నాడు. నేనూ ఒక గుట్ట ముందు కూర్చున్నాను. మొదటి పెట్టె మూత తెరిచి, నల్లగా తీరుగా పడ్డ నా పేరు చూసుకుని, దాని మీద చీటీ పెట్టి నొక్కాను. బాధ కలగలేదని చెప్పను. చాలా బాధ కలిగింది. పది పెట్టెలు అయ్యేసరికి చెయ్యి అలవాటు పడింది. సాయంత్రం బస్సులకు పెట్టెలన్నీ అడవి దారి పట్టాయి.

నాకు మెమో వచ్చింది, డెప్యుటేషన్ రద్దయింది, పాత బడికి వెళ్లిపోయాను. రావలసిందే వచ్చింది. ఆపరేటరు ఉద్యోగం నిలబడింది. నేను వెళ్లిపోయే రోజున టీ తెచ్చి ఇచ్చి, "ఆ పొద్దున నేను అడిగినప్పుడే చెప్తే అయిపోతుండె గద సార్" అని మాత్రం అన్నది. ఆ మెమోలో ఉన్నవన్నీ కలిపినా ఈ మాటంత తగల్లేదు. కొన్నాళ్లకు ఆమే ఫోను చేసి ఇంకో సంగతి చెప్పింది. విదేశీ ఆవిడ తన ఆటలోనూ జ్వరం గడి నిబంధన మార్చుకుందట, కింద మన వంటామె పేరు వేసిందట. షరతు ఆమెకూ వర్తిస్తుంది కదా.

పేర్ల గొడవ రాస్తూ ఒక్కరి పేరూ రాయడేమిటి అంటారేమో. ఈసారి అడగకుండా ఎవరి పేరు జోలికీ పోదలచుకోలేదు.

రిటైరయ్యాక ఒకసారి మణుగూరు వైపు పనిబడి, ఆ హాస్టలు బడికి వెళ్లాను. వంటామె ఇంకా అక్కడే ఉంది, జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టింది. అన్నాలు వడ్డించే వేళ అది. అడక్కుండానే లోపలికెళ్లి పెట్టె తెచ్చింది. మూలలు చిరిగి, గుడ్డ కట్టి ఉంది. పటం అరిగిపోయింది, చింతగింజలు మాత్రం కొత్తవి. మూత తిప్పి చూస్తే చీటీ ఇంకా ఉంది. ఆమెకు చదువు రాదు, తన పేరు ఎక్కడుందో మాత్రం వేలుపెట్టి చూపించింది. పిల్లలు చూపించారట. చీటీ పై కొస లేచి ఉంది. దాని కింద నల్లగా నా పేరులోని రెండక్షరాలు కనబడుతున్నాయి.

"అక్కా, రెండు మెతుకులు ఇస్తవా?" అన్నాను.

ఆమె గరిటె అంచు నుంచి వేడి మెతుకులు తీసి నా చేతిలో పెట్టింది. చీటీ వెనక మెదిపి, కొస కిందికి నొక్కి పట్టుకున్నాను. ఆమె వంగి చూసింది.

"అడుగున ఇంకెవరిదో పేరున్నట్టున్నది సారూ?"

"అవ్ అక్కా. తప్పు పడ్డది" అన్నాను. మెతుకు ఆరేదాకా వేలు తీయలేదు.